పాలిష్ పట్టిన పిస్టల్

లియేజ్,
మార్చి 14

లాంబేర్ గారికి,

నా భార్య ఓదిల్ ముప్పై ఏళ్లు సేకరించిన పాత జేబు పిస్టళ్లు తొమ్మిదీ శనివారం మీ పాత ఆయుధాల సేకర్తల సంఘానికి అప్పగిస్తాను. పోయే ముందు తను మీకు ఇచ్చిన మాట అది. అయితే వాటిలో ఒకదాన్ని నేను పాడుచేశాను.

1908 నాటి చిన్న పిస్టల్ మీద గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. తను మంచం పట్టిన ఏడు నెలల్లో ఎవరూ చూడక తుప్పు పట్టిందనుకున్నాను. వెండి చెంచాలు తోమే పొడితో రుద్దాను. అద్దంలా మెరిసింది. ఆ తరువాత తన నోటుపుస్తకం తెరిచాను. "ఈ గోధుమరంగు దాని వయసు. తుడవకూడదు" అని రాసి ఉంది.

తను ఉన్నప్పుడు నేను బీరువా దగ్గరికి వెళ్తే, "ప్రొఫెసర్ గారూ, చేతులు జేబులో పెట్టుకుని చూడండి. ఇవి మీ వంటింటి గిన్నెలు కావు" అనేది.

దానికి మళ్లీ రంగు వేయించకండి. అది ఇంకా పెద్ద మోసమని తనే అనేది. మిగతా వాటి నుంచి విడదీయకండి. ప్రదర్శనలో ప్రతి పిస్టల్ పక్కన దాని లోపాలు రాసిన చీటీ పెడతారు కదా. దీని చీటీ మీద పాలిష్ పట్టింది ఎవరో కూడా రాయండి. నా పేరు అక్కర్లేదు. "ఆమె భర్త" అని రాస్తే చాలు.