ఆదయ్య జీపు ఎందుకు ఆగింది

సిరొంచ తాలూకా,
19 జూన్ 1986

తమ్ముడు రాయమల్లుకు నీ అక్క నర్సు దీవించి రాస్తున్నది.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. మరదలు పోశమ్మ లేచి తిరుగుతున్నది. బల్లార్షాలో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అమ్మ కన్ను అడిగావు. అహేరి డాక్టరు ఇచ్చిన మందు వేస్తున్నాం, ఎరుపు తగ్గింది. వెనక గోడకు తడక కట్టించాను. వాన ఇంకా పడలేదు. పోశమ్మ ఏం చెప్పమన్నదని అడిగావు. ఏమీ చెప్పలేదు. నేను అడిగితే "ఏం రాస్తవ్ వదినె, ఆయనకు తెల్వదా" అన్నది. పాలు ఎండడానికి మల్లెపూలు కట్టాం. పది రోజులకు ఆగాయి.

పెట్రోలు ధర అడిగావు. ఫిబ్రవరిలో పెరిగింది కదా. అహేరి నుంచి డబ్బాల్లో తెచ్చి అమ్మేవాళ్లు దాని మీద ఇంకొంత వేసుకున్నారు. ఆదయ్య మనుషులను జీపులో సిరొంచకు చేర్చడమే మానేద్దామనుకున్నాడు. మన ఊరికి ఉన్నది ఆ ఒక్క జీపే. అప్పుడే నా దగ్గరికి వచ్చాడు. నిజాం కాలంలో పెట్రోలు దొరకని రోజుల్లో ఇప్పసారా కలిపి బస్సులు నడిపారని ఎవరో ముసలాయన చెప్పాడట.

"నర్సక్కా, రెండుసార్లు దించిన సారా గావాలె. జర ఘాటుగ ఉండాలె" అన్నాడు.

"జీపుకు తాగుడు నేర్పుతవా?"

"మొగోళ్లు తాగితే తూలుతరు. నా జీపు తాగితే సక్కగ పోతది, సూడు."

మీ బావ పోయినప్పటి నుంచి సారా మీదే నా బతుకు. తాగేవాళ్ల కన్నా ఆదయ్య నయం, వాకిట్లో కూర్చుని తిట్టడు. రాతి మీద రెండు చుక్కలు పోసి అగ్గిపుల్ల గీసేవాడు. భగ్గున అంటుకుంటే సీసాలు తీసుకుపోయేవాడు. జీపు దగ్గుకుంటూ నడిచేది. కానీ నడిచేది.

చెరకు సారాను సర్కారే పెట్రోలులో కలుపుతుందట అని నువ్వు రాశావు. కలపనీ. నీళ్లు పోయనివాళ్లను వెతుక్కోవాలి ముందు.

ఇగ నువ్వు అడిగిన అసలు సంగతి. జీపు ఎందుకు ఆగింది అన్నావు. ఇద్దరిని వెంటేసుకుని వస్తాను, ఆదయ్య కాళ్లు విరగ్గొడతాను అన్నావు. ఆ మాట చదివాక మూడు రోజులు ఉత్తరం రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఏప్రిల్ చివర అబ్కారీ వాళ్లు వచ్చి నా కుండలు పగలగొట్టారు. ఆదయ్యకు ఆరు సీసాలు ఇస్తానని అప్పటికే ఒప్పుకున్నాను. దాచినవి మూడే మిగిలాయి. ఆ మూడింటినీ ఆరు చేశాను. తాగేవాళ్లకు పోసేటప్పుడు నీళ్లు కలపడం నాకు చెయ్యి తిరిగిన పని. ఒక్క సీసాలో మాత్రం కలపకుండా ఉంచి, రాతి మీద పోయడానికి అది ఇచ్చాను. భగ్గున అంటుకుంది. "నీ చేతి సారాకు తిరుగులేదక్కా" అని నవ్వుకుంటూ పోయాడు.

నాలుగో రోజు పొద్దున పోశమ్మకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని అన్నది. ఆదయ్య ఇంటికి ఉరికింది నేనే. అతను తింటున్న పళ్లెం వదిలేసి లేచాడు. ట్యాంకులో పెట్రోలు తక్కువ ఉందని డబ్బా తెచ్చాడు. నా సీసాలు కూడా తెచ్చాడు. మూతలు తీసి ఒకదాని తర్వాత ఒకటి పోశాడు. నేను పక్కనే నిలబడి చూశాను. మాట నోటి దాకా వచ్చింది, మింగాను. చెబితే వట్టి పెట్రోలుతోనే పోయేవాడు, వాగు దాకా కాదు, సిరొంచ దాకా చేరేవాడేమో. ఇన్ని నీళ్లకు ఏమవుతుందిలే అనుకున్నాను. అంతకన్నా, అతని ముందు దొంగనవుతానని అనుకున్నాను. రెండోదే నిజం.

వాగు దిగేచోట జీపు ఆగింది. ఆదయ్య పైపు నోటితో పీల్చి ఉమ్మాడు, ఏదేదో విప్పి తుడిచాడు. కదల్లేదు. పోశమ్మ నా చెయ్యి పట్టుకుని "వదినె, ఇంకెంత దూరం" అని అడుగుతూనే ఉంది. ఆదయ్య ఎండలో ఉరికి పక్క ఊరి నుంచి ఎడ్లబండి తోలుకొచ్చాడు. బిడ్డ బండిలోనే పుట్టాడు. ఏడవలేదు. ఇంతవరకు నీకు తెలుసు.

తరువాత పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి కిషన్‌రావు అడిగాడు, "ఏం పోసినవ్‌రా అండ్ల?"

"పెట్రోలే పటేలా."

"ఉత్త పెట్రోలేనా?"

"పెట్రోలే. తప్పు నాదే."

నా పేరు చెబితే నా మీద అబ్కారీ కేసు అవుతుందని అతను చెప్పలేదు. నేను ఆడవాళ్ల నడుమ కూర్చుని ఉన్నాను. నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి అతని జీపు ఎవరూ ఎక్కడం లేదు. అతని పెళ్లాం కిష్టమ్మను బాయి కాడ ఎవరూ పలకరించడం లేదు. మొగుడూ పెళ్లామూ కూలికి పోతున్నారు.

వారం తిరగక ముందే ఆదయ్య మన వాకిట్లోకి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. "నీ సారా మంచిదే అక్కా. ఆశకు పోయి నేనే ఎక్కువ కలిపిన. నీ తమ్మునికి నా మొకం ఎట్ల సూపియ్యాలె" అని నా కాళ్లు పట్టుకున్నాడు. ఊరుకో అన్నాను. ఊరుకో అని నేనే అన్నాను, తమ్మీ.

ఆరింటిలో ఒక సీసా అతను వాడలేదు, తిరిగి ఇచ్చిపోయాడు. నిన్న దాన్ని రాతి మీద పోసి చూశాను. నాలుగు పుల్లలు గీశాను. అంటుకోలేదు.

నువ్వు రా. ఎవరినీ వెంటేసుకు రాకు. ఆదయ్య ఇంటికి కాదు, ముందు నా ఇంటికి రా. పోశమ్మకు ఇవాళ పొద్దున చెప్పాను. ఆమె నా చేతి నుంచి అన్నం గిన్నె తీసుకుని పక్కన పెట్టింది.

ఈ ఉత్తరం వెయ్యడానికి సిరొంచకు నడిచి పోతున్నాను. పోస్టు డబ్బాలో వేశాకే ఆదయ్య ఇంటికి వెళ్తాను. ముందు వెళ్తే అతను ఉత్తరం వెయ్యొద్దంటాడు. నేను వింటాను.

ఇట్లు,
నీ అక్క
నర్సు