ఆలుగడ్డ ముద్రతో కొట్టివేసిన దరఖాస్తు

గౌరవనీయులైన తహసీల్దారు గారి సముఖమునకు,
ఊరూరి నాటక మండలి నటుడు కె. ఎల్లేష్, బి.కాం., సమర్పించుకొను అర్జీ.

విషయం: తమరు తిరస్కరించని దరఖాస్తును తిరస్కరించనట్లుగానే పరిగణించుట గురించి.

అయ్యా,

1. మా మండలి షామీర్‌పేట కేంద్రంగా ఊర్లు తిరుగుతూ ప్రజలకు పనికొచ్చే నాటకాలు ఆడుచున్నది. హెల్మెట్ మీద ఆడాము, దోమల మీద ఆడాము. దోమలు తగ్గలేదు కాని ప్రేక్షకులు పెరిగారు. ప్రస్తుతం ‘దళారీ లేకుండా దరఖాస్తు’ అను నాటకం నడుచుచున్నది. అందులో వచ్చిన ప్రతి కాగితాన్నీ కొట్టివేసే తహసీల్దారు పాత్ర నాది. ఆ పాత్రకు, తమకు ఎట్టి పోలికా లేదని మనవి. ఆయనకు మీసాలున్నవి.

2. గత మంగళవారం అత్వెల్లి పంచాయతీ ముందు టెంటు వేసి, బల్ల మీద పచ్చగుడ్డ పరచి, ‘మండల రెవెన్యూ కార్యాలయం’ అని బోర్డు కట్టాము. ఆట పదకొండింటికి. అరగంట ముందే కుర్చీలో కూర్చొని పాత్రలో లీనమగుట నా అలవాటు. అదే సమయానికి అదే ఊరి బాలమణి, తన మనుమరాలు భవిత ఆదాయ ధ్రువపత్రం కాగితాలతో తమ కార్యాలయానికి బయలుదేరి, మా బోర్డు చూసి ఆగినది. ఆ పత్రం ఉంటేనే పిల్లకు గురుకుల కాలేజీలో వచ్చిన సీటు నిలబడుతుంది. అధికారులు ఊర్లలో టెంట్లు వేసి దరఖాస్తులు తీసుకోవడం ఆమె చూసి ఉన్నది కనుక ఇందులో ఆమె పొరపాటేమీ లేదు.

“మంచిగైంది సారూ, మీరే వచ్చిండ్రు. బస్సెక్కే బాధ తప్పింది” అన్నది.

రిహార్సల్ కోసం మావాళ్లే ఎవరినో పంపారనుకొని, నేను చదవకుండానే ‘తిరస్కరించడమైనది’ అను ముద్రను దరఖాస్తు మీద, జతచేసిన కాగితాలన్నింటి మీద వేసి, సంతకం చేసి ఇచ్చాను. చదవకపోవుట పాత్ర స్వభావం.

3. సదరు ముద్ర ఆలుగడ్డను చెక్కి చేసినది. మా మండలిలో ముద్రలన్నీ అంతే. ఆట అయ్యాక సిరా అంటిన ముక్క కోసి పారేసి మిగిలినది కూర వండుకుంటాము. కావున దానిని సాక్ష్యంగా దాఖలు చేయలేకపోతున్నందుకు చింతిస్తున్నాము.

4. మరునాడు షామీర్‌పేటలో ఆట. నాటకం చివర ప్రేక్షకులు ఎవరైనా వేదిక ఎక్కి అధికారిని నిలదీయవచ్చుననేది మా పద్ధతి. నిన్నటి సారు ఎక్కడున్నాడని వాకబు చేసుకుంటూ వచ్చిన బాలమణి ఎక్కినది.

“నా మనుమరాలి కాయితాలు ఏంటికి కొట్టేసినవ్ సారూ?”

“రూల్సు ఒప్పుకోవు.”

“ఏ రూల్సు? జర సూపియ్యి. మా పిల్ల సదివి జెప్తది.”

ఈలలు పడ్డాయి. “ఇడువకు అవ్వా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మా దర్శకురాలు స్రవంతి గారు పక్కనుంచి కానియ్, కానియ్ అని సైగ చేశారు. మండలికి కొత్త నటి దొరికిందని మేమందరం సంతోషించాము. నేను విజృంభించి, “ఆదాయం లేదంటున్నవ్, చెవులకు కమ్మలెక్కడివి?” అని సొంతంగా ఒక మాట కలిపాను.

ఆమె కమ్మలు తీసి నా బల్ల మీద పెట్టినది.

“ఇగో, గివి గూడ రాస్కో. పిల్లకు సీటు పోతాంది సారూ.”

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాయి. ఆమె ఏడుపు ఆగలేదు. అప్పుడు నేను ఆమె చేతిలోని దరఖాస్తు తీసుకొని మొదటిసారి చదివాను.

5. కమ్మలు అక్కడికక్కడే తిరిగి ఇచ్చాము. స్రవంతి గారు మిగిలిన ఆట ఆపివేశారు. నిన్న గురువారం అవ్వను వెంటబెట్టుకొని తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తా గారు కాగితాలు చూసి, “ఇవి కొట్టేసినయ్ గదా? అప్పీలు పెట్టుకోండ్రి” అన్నారు.

“సార్, అది ఆలుగడ్డ.”

“మరి సంతకం?”

“నాది.”

“నువ్వెవ్వలు?”

“మొన్న అత్వెల్లిల తహసీల్దార్‌ను సార్.”

ఆయన ఫోను తీశారు. నేను కొంత వేగంగా బయటికి వచ్చాను. ఇందులో ఆయన తప్పు ఇసుమంతైనా లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. నిజానికి అంతకన్నా ఎక్కువే చేశాను.

కావున తమరు దయతలచి సదరు ముద్రలను కూరగాయల కింద జమకట్టి, దరఖాస్తును కొత్తగా వచ్చినట్లే స్వీకరించగలరు. నియామకపు ఉత్తర్వు లేకుండా ఉద్యోగం వెలగబెట్టినందుకు చర్య తీసుకోదలచినచో నా ఒక్కడి మీదనే తీసుకోవలెను. అవ్వకు, పిల్లకు, మండలికి సంబంధం లేదు.

ఈ సంగతి చిత్తగించి, అసలు ముద్ర ఒక్కటి వేయించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
కె. ఎల్లేష్
(ఒక పూట తహసీల్దారు, పదవీ విరమణ చేసినవాడు)

తా.క.: పై అర్జీని భవితకు చదివి వినిపించాను. నవ్వలేదు. “అన్నా, ఇంత రాసినవ్. ఎప్పటిలోపు గావాల్నో రాయలే” అన్నది. చూసుకుంటే నిజమే. కాగితం తీసుకొని కింద తనే రాసినది:

సార్, సోమవారం సాయంత్రం ఐదింటిలోపు పత్రం ఇవ్వకపోతే నా సీటు వేరే వాళ్లకు ఇస్తారు. నాది బైపీసీ. నేను, మా అవ్వ మీ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాము. పిలిస్తే వస్తాము. – భవిత