స్టేడియంలో గడ్డి

ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా,
14-9-2009

అమ్మా ప్రమోదా, నేనూ మీ మేనత్తా కులాసా. నా మోకాలి నొప్పి తగ్గింది, బెంగపడకు.

నిన్న మీ అత్తయ్య నన్ను ఇక్కడి యూనివర్సిటీకి తీసుకెళ్లింది. ఎర్ర ఇటుకల బిల్డింగులు దాటితే లక్షమంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం. ఆట లేని రోజు కాబట్టి లోపల మేమిద్దరం, ఒక కాపలా మనిషి, అంతే. ముప్పయ్యేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేసినవాణ్ణి కదా, గ్రౌండ్ చూడగానే ప్రాణం లేచొచ్చింది. చెప్పులు విప్పి, వంగి గడ్డి తాకి కళ్లకద్దుకున్నాను. తీరా చూస్తే ప్లాస్టిక్ గడ్డి! అయినా కాలు పెట్టబోతే కాపలా అతను "నో సర్" అని చెయ్యి అడ్డం పెట్టాడు. మీ అత్తయ్య ఒకటే నవ్వు.

గ్యాస్ బుక్ చేశావా? కరివేపాకు మొక్క బతికే ఉందా?

స్కూల్ గ్రౌండ్ పెళ్లిళ్లకు అద్దెకిస్తామని కమిటీవాళ్లంటే, గొడవెందుకు, ఒప్పుకో అని బయల్దేరేముందు నీకు చెప్పాను. తప్పు చెప్పాను. నా తరవాత అక్కడ గేమ్స్ టీచర్‌వి నువ్వు. షామియానా గుంజ ఒక్కటి కూడా పాతనివ్వకు. ఇక్కడ ప్లాస్టిక్‌కే అంత కాపలా. మనది నేను బిందెలతో నీళ్లు మోసి పెంచిన గడ్డి.

మా ఇద్దరి ఆశీస్సులూ నీకే.
నాన్న, భీమశంకరం