మూడో పరీక్షకి రాని అబ్బాయి

అమ్మకు,
నేను బాగానే ఉన్నాను, గొంతే పోయింది. ఫోన్లో మాట పెగలదు కాబట్టి ఈ కార్డు. కాలేజీలో పిల్లలు వచ్చే టర్ముకి సబ్జెక్టులు ఎంచుకునే వారమిది. ఏది తీసుకోవాలో, ఏది వదిలితే ఏమవుతుందో చెప్పి చెప్పి సాయంత్రానికి సోలిపోతున్నాను.

నిన్న చదువు విషయంలో నేను సలహాలిచ్చే అబ్బాయి ఒకణ్ణి పరీక్షల కమిటీ ముందుకి తీసుకెళ్ళాను. రెండు పరీక్షలు చక్కగా రాసి మూడోదానికి రాలేదు. తల్లికి జబ్బు. ముందుగా అర్జీ పెట్టలేదు కనుక రూలు ప్రకారం తప్పినట్టే. ఆసుపత్రి కాగితం చూసి డీన్‌గారు, "మీ అమ్మగారు పరీక్షలకి ముందే చేరారుగా? మరి మొదటి రెండూ ఎలా రాశావయ్యా?" అన్నారు.

"నాకు చెప్పలేదండీ. చదువు పాడవుతుందని దాచారు. పక్కింటావిడ చెబితే పరిగెత్తాను. అప్పటికే అమ్మ నన్ను గుర్తుపట్టే స్థితిలో లేదు" అన్నాడు.

ఆ పరీక్ష వచ్చే టర్ములో రాసుకోనిచ్చారు. బయటికొచ్చాక "థాంక్సండీ" అని, మెట్ల మీదే కూలబడిపోయాడు. పక్కన కూర్చున్నాను.

వంటింటి కుళాయి బాగుచేయించారా? బరువులెత్తకు. నీ ఆపరేషన్‌కి ముందురోజే వచ్చేస్తాను. చెల్లాయికి పరీక్షలయ్యాక చెబుదామన్నావు చూడు, వద్దమ్మా. ఇది అందగానే దానికి ఫోన్ చేసి నీ నోటితో నువ్వే చెప్పు. పరీక్షలు పోతే మళ్ళీ రాయించే పూచీ నాది.

నాన్నగారికి నమస్కారాలు.
నీ పెద్దమ్మాయి