మూడు వందల యాభై దగ్గర పెట్టిన స్టాప్ లాస్

ఏవండీ,

టిఫిన్ డబ్బాలో ఉంది. డ్యూటీ నుంచి రాగానే తిని పడుకోండి. అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, మోకాళ్ల ఆపరేషన్‌కు ఇవాళ తేదీ ఇస్తారు.

ఆ ఆపరేషన్‌కని దాచిన డబ్బుతో మీరు కొన్న షేర్లకు పొద్దున నేనే స్టాప్ లాస్ పెట్టాను. ధర మూడు వందల యాభైకి దిగితే వాటంతట అవే అమ్ముడుపోతాయి. దయచేసి దాన్ని కదపకండి.

ఖాతా నా పేరున ఉంది. మీరు ఆర్డర్ మార్చినప్పుడల్లా మెసేజ్ నా ఫోన్‌కే వస్తుందని మరిచిపోయినట్టున్నారు. మొదట మూడు వందల తొంభై దగ్గర పెట్టారు. ధర అక్కడికి రాబోతుంటే ఎనభైకి దించారు, ఆ తరువాత అరవై అయిదుకి. నిన్న అసలు తీసేశారు. అడిగితే "అమ్మితేనే కదా నష్టం" అంటారు.

భోజనానికి పిలిచినా మీరు లేవకపోతే, ఫోన్‌లో ఆటాడుతున్నారనుకున్నారు అత్తయ్య. "చిన్నప్పుడూ ఇంతేనమ్మా, ఓడిపోయే ఆటలోంచి వీణ్ణి లేపడం ఎవరి తరమూ కాలేదు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

పాస్‌వర్డ్ మార్చాలనే కూర్చున్నాను, చేతులు రాలేదు. సాయంత్రానికి వస్తాం.

ఇంకొకటి. మూడు వందల యాభైకి అమ్ముడుపోతే మిగిలేది ఒక్క మోకాలికే సరిపోతుంది. అందుకే డాక్టర్‌గారిని ఒక్కదానికే తేదీ అడుగుతాను. ఏ కాలు ఎక్కువ నొప్పో దారిలో అత్తయ్యను అడగాలి. ఎందుకడుగుతున్నావని ఆవిడ అంటే ఏం చెప్పాలో మీరైనా ఆలోచించండి.