జ్వరం కాదని రాసిన బోర్డు

చెల్లే సుజాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. అమ్మ మల్కాజ్‌గిరిల నీ సంవత్సరీకం పెట్టుకున్నది. నేను పోలే. తార్నాకల నా గది తెరిచి కూసున్న.

నువ్వు పోయినంక యూనివర్సిటీల సైకాలజీ పూర్తి చేసి ఈ వాటా కిరాయికి తీస్కున్న. ముందటి గదికి "మనసు బాగలేకుంటే రండి, మాట్లాడుదాం" అని బోర్డు పెట్టిన. రిక్షావాళ్లు దీన్ని పిచ్చి డాక్టరమ్మ ఇల్లు అంటున్నరు. ముందు తలుపుల నుంచి ఒక్కరు రాలే. ఆడోళ్లు చక్కెర బదులుకని గిన్నె పట్టుకొని వెనక వంటింట్లకు వస్తరు, గంటసేపు ఏడ్చి పోతరు.

పొద్దున ఇంటి ఓనరు పెయింటర్ను తోలుకొచ్చిండు. "ట్యూషన్లు అని రాయించమ్మా. ఇజ్జత్ ఉంటది, గిరాకీ పెరుగుతది" అన్నడు.

నీ దుఃఖానికి మనింట్ల జ్వరమని పేరు పెట్టిన్రు. ఆఖరుదాకా జ్వరం గోళీలే మింగించిన్రు. ఇంకో అబద్ధం పేరు నేను రాయియ్య. అదే పెయింటర్‌తోని అవే మాటలు రెండింతలు పెద్దగ, రోడ్డుకు కనవడేటట్టు రాయించిన. ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు ఓనరు. చెయ్యనన్న.

సాయంత్రం ఆయన భార్యనే గిన్నె పట్టుకొని వెనకకు వచ్చింది.

"చక్కెర కావాల్నంటే ఇస్త అక్కా. మాట్లాడాల్నంటే గిన్నె ఇంట్ల పెట్టి ముందటికెల్లి రా" అన్న.

మొఖం ముడుచుకొని పోయింది.

ముందటి తలుపు తీసే పెట్టిన. బోర్డు రంగు ఇంకా ఆరలే. గేటు చప్పుడైతే తలెత్తి చూసిన. ఆమెనే, ఒట్టి చేతులతోని ముందటి మెట్లెక్కి వస్తున్నది.