ముందే చేరిన మూట

ఉస్తీన్యా అమ్మగారికి,

మీ అబ్బాయి ప్రోఖోర్ బట్టల మూట మీకు చేరే ఉంటుంది. వాడు మాత్రం రాడు.

కేసు గెలిచామమ్మా. జూరీవాళ్లు పన్నెండుమందీ నిర్దోషి అన్నారు. కోర్టు మెట్లు దిగకముందే పోలీసులు వాణ్ణి మళ్లీ పట్టుకుని సైబీరియా బండి ఎక్కించారు. "మనం గెలిచాం కదా లాయరుగారూ!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. ఏ చట్టం కింద అని నేను నిలదీస్తే అధికారి నవ్వాడు. "తీర్పు మీ కోర్టుది. ఉత్తర్వు జార్ చక్రవర్తిది. ఇంటికెళ్లండి."

శిక్ష పడి ఉంటే పై కోర్టయిన సెనేటుకు అప్పీలు రాసేవాణ్ణి. గెలిచిన కేసుకు ఏమని రాయను?

సాయంత్రానికల్లా విడుదలవుతాడన్న ధీమాతో ఆ మూట ముందే పంపించింది నేనే. వాడి ఉన్ని బూట్లు అందులోనే ఉన్నాయి. దయచేసి తిరిగి పంపండి. ఈ మంచులో వాడు వేసవి జోళ్లతోనే వెళ్లాడు.

మీ అబ్బాయి తరఫు లాయరు